వానపాముల లెక్క

జువాలజీలో ఎమ్మెస్సీ చేసి, ఫస్ట్ క్లాసు తెచ్చుకుని, మూడేళ్లు పిల్లలకి పాఠాలు కూడా చెప్పి, చివరికి వానపాము దగ్గర బోల్తా పడిన మనిషిని ఈ భూమ్మీద నేనొక్కదాన్నే అయ్యుంటాను. తప్పు వానపాముది కాదు పాపం. కొంత మాటది, మిగతాదంతా నాది.

రెండువేల పది దాటిన కొత్తల్లో మావారికి ఇంగ్లండులో రీడింగ్ అనే ఊళ్లో కాంట్రాక్టు వచ్చిందని గుంటూరు నుంచి వచ్చాం. ఆరు నెలలు తిరక్కుండానే అది అయిపోయింది. ఇంకోటి బర్మింగ్‌హామ్‌లో దొరికింది. ఫ్లాటు అగ్రిమెంటు మాత్రం రీడింగ్‌లోనే ఇంకా ఏడాదిన్నర ఉంది. సోమవారం పొద్దున్నే మావారు రైలెక్కితే మళ్లీ శుక్రవారం సాయంత్రం రావడం. మధ్యలో నేనూ, ఫ్లాటూ, గుర్రుమనే బాయిలరూ.

ఉద్యోగాలకి అప్లై చేస్తే వచ్చేది క్షమాపణ మెయిలు. ఒక్కోసారి అదీ రాదు. పక్క ఫ్లాటావిడ మెట్ల మీద ఎదురైతే "ఆల్‌రైట్?" అనేది. నిజంగానే అడుగుతోందనుకుని ఒకసారి ఆగి, "నిన్నట్నుంచీ ఒకటే తలనొప్పండీ" అని మొదలుపెట్టాను. నేను వాక్యం పూర్తి చేసేసరికి ఆవిడ వీధి తలుపు దాటేసింది. షాపుకెళ్తే బిల్లు వేసేది మిషను. కొన్ని వారాలు సోమవారం నుంచి గురువారం దాకా నా గొంతు నేనే వినలేదు. అమ్మతో ఫోన్‌లో మాట్లాడేదాన్ని, నిజమే. కానీ అమ్మకి అంతా బాగానే ఉందని చెప్పాలి కదా. అది మాట్లాడటం కిందికి రాదు.

అలాంటి రోజుల్లో లైబ్రరీ నోటీసు బోర్డు మీద చేత్తో రాసిన కాగితం ఒకటి చూశాను. ఊరి చివర కొండవాలు మీద పాముల్నీ బల్లుల్నీ లెక్కపెట్టడానికి వాలంటీర్లు కావాలట. పాములంటే నాకు చచ్చేంత భయం. అయినా ఆ కాగితం అడుగున ఫోన్ నంబరు ఉంది. ఫోన్ చేస్తే అవతల ఒక మనిషి ఎత్తుతాడు. సిగ్గు విడిచి చెప్తున్నాను, నేను ఆలోచించింది అంతే.

ఎత్తిన మనిషి రిటైరైన జాగ్రఫీ మాస్టారు. డెబ్భై దాటాయి. భార్య పోయి చాలా ఏళ్లయింది, ఒక్కడే ఉంటాడు. కలిసిన మొదటిరోజే పేరు పెట్టి పిలవమన్నాడు. తండ్రి కన్నా పెద్దవాణ్ణి పేరు పెట్టి పిలవడానికి నాకు నోరు రాలేదు. మనవాళ్లలో అయితే అంకుల్ అని గట్టెక్కేదాన్ని. ఈయన్ని అంకుల్ అంటే ఏమనుకుంటాడో! చివరికి ఏమీ పిలవకుండానే నెట్టుకొచ్చాను. నాలో నేను మాత్రం పెద్దాయన అనుకునేదాన్ని.

మార్చి నెల, ఎముకలు కొరికే చలి. రైలు పట్టాల పైన ముళ్లపొదలూ, ఎండిన ఫెర్నులూ నిండిన వాలు మీద నన్ను పైదాకా నడిపించాడు. ఆ స్థలం సొంతదారు అక్కడ ఇళ్లు కట్టాలనుకుంటున్నాడు. వేసవి చివర్లో కౌన్సిల్, అంటే ఇక్కడి మునిసిపాలిటీ, తేల్చేస్తుంది. ఈ జీవాలు అక్కడ గట్టి సంఖ్యలో ఉన్నాయని కాగితం మీద చూపించగలిగితే పై సగం వాలుని ముట్టుకోరు. చూపించలేకపోతే మొత్తం పోతుంది. పెద్దాయన ముప్పై ఏళ్లుగా అక్కడ తిరుగుతున్నాడు. ఏ పొద కింద ఏముంటుందో ఆయనకి తెలుసు. కానీ తెలిసుండటం వేరు, కాగితం మీద ఉండటం వేరు.

పని చాలా తేలిక. వాలు మీద ముప్పై చోట్ల ఇనప రేకులు పరిచాడు. ఎండకి రేకు వేడెక్కితే కింద వెచ్చగా ఉంటుందని అవి వచ్చి చేరతాయి. వారానికోసారి రేకు ఎత్తాలి, చూడాలి, లెక్క రాసుకోవాలి, ఏదీ నలిగిపోకుండా దించాలి. మొదటి రేకు ఎత్తాడు. తడి మట్టిలో లావుపాటి వానపాము ఒకటి బద్ధకంగా మెసులుతోంది.

"ఇక్కడ నీకు ఎక్కువగా కనపడేవి స్లో వర్మ్స్. వాటిని మాత్రం జాగ్రత్తగా లెక్కపెట్టు. మన కేసంతా వాటి మీదే నిలబడి ఉంది" అన్నాడు.

ఆయన అప్పుడు చేతిలో కాగితం కేసి చూస్తున్నాడు. నేను వానపాము కేసి చూస్తున్నాను.

వర్మ్ అంటే నాకు తెలిసింది అదే మరి! డిగ్రీలో ట్రేలో పెట్టి గుండుసూదులు గుచ్చి ఎన్ని కొయ్యలేదు! ఇది ఈ దేశపు జాతి కాబోలు, చలికి మందకొడిగా కదులుతుంది కాబట్టి స్లో అన్నారు కాబోలు అనుకున్నాను. పాముల సర్వేలో వానపాములెందుకంటే, పాములకి మేత కదా, మేత ఎంతుందో కూడా లెక్కేస్తారన్నమాట, ఎంత పద్ధతైన మనుషులో అని మెచ్చుకున్నాను కూడా. అడగొచ్చుగా? అడగలేదు. ఎమ్మెస్సీ చదివానని అంతకు ముందే గొప్పగా చెప్పుకున్నాను.

ఎవరు ఏ వారం వెళ్లాలో రాసుకునే రోటాలో మొదట ఐదు పేర్లుండేవి. ఒకళ్లకి డ్యూటీలు మారాయి, ఒకళ్లకి నడుం పట్టేసింది, ఒకళ్లు చెప్పాపెట్టకుండా మానేశారు. పెద్దాయనకి మోకాలి ఆపరేషన్ అయింది, వాలు ఎక్కడానికి వీల్లేదన్నారు. ఏప్రిల్ వచ్చేసరికి రోటా అంతా నేనే. ప్రతి బుధవారం బస్సు దిగి, అరమైలు నడిచి, ముప్పై రేకులూ ఒక్కదాన్నే ఎత్తేదాన్ని. చేత్తో కాదు, గుండె చిక్కబట్టుకుని పొడుగాటి కర్రతో. కింద వానపాములు కనపడితే "హమ్మయ్య" అని పైకే అనేదాన్ని. వినడానికి అక్కడెవరున్నారు గనక.

రెండుమూడు సార్లు మాత్రం రాగి రంగులో, నూనె రాసినట్టు మెరుస్తూ, జానెడు పొడుగున చుట్ట చుట్టుకున్నవి కనపడ్డాయి. అమ్మ బాబోయ్, పాము పిల్లలు! మా ఇంట్లో పాము అనే మాట నోటితో అనేవాళ్లు కాదు, పేరెత్తితే వస్తుందని. పురుగు అనేవాళ్లు. "గడ్డివాము దగ్గర పురుగు తిరుగుతోంది, పిల్లల్ని అటు పోనివ్వకండి" అంటే అందరికీ అర్థమైపోయేది. అలాంటి కొంపలో పెరిగినదాన్ని, వంగి తేరిపార చూస్తానా? రేకు మెల్లిగా దించి, గ్రాస్ స్నేక్ అన్న గడిలో ఒకటి వేసి, పక్క రేకు దగ్గరికి లంఘించాను.

బుధవారం సాయంత్రం ఆరింటికి ఆయనకి ఫోన్ చేసి లెక్క చెప్పాలి. మొదటివారం "స్లో వర్మ్స్ పద్నాలుగు" అన్నాను.

"పద్నాలుగా! ఒక్కరోజులోనా!" అన్నాడు. ఆ ముసలి గొంతులో ఎంత సంబరమో. నా మాట విని ఈ దేశంలో ఒక మనిషి సంతోషించడం అదే మొదలు.

తర్వాతి వారం పంతొమ్మిది. ఆ తర్వాత ఇరవై మూడు. మే నెలలో ఒక బుధవారం పొద్దుట్నుంచీ ముసురు పట్టింది. ఇరవై ఎనిమిది చెప్పాను.

"వానలో కూడానా?"

"వానకే ఎక్కువండీ" అన్నాను, ఏదో నేనే పెంచుతున్నట్టు.

"విచిత్రంగా ఉందే" అన్నాడు. పేజీలు తిప్పుతున్న చప్పుడు వినపడింది. ఇంకేమైనా అడుగుతాడేమో అనుకున్నాను. అడగలేదు. "సరే, రాసుకున్నాను" అని, "ఇవాళేం వండుకున్నావు?" అన్నాడు. బీరకాయని ఇంగ్లీషులో ఏమంటారో నాకు తెలీక, ఒళ్లంతా గీతలుండే పొడుగు దోసకాయ అని వర్ణించాను. ఆయన చాలాసేపు నవ్వాడు. తన భోజనం రోజూ టోస్టేనని, చనిపోయిన భార్య ఆదివారాల్లో చేసే మాంసం రుచి తనకి ఎంత ప్రయత్నించినా రావడం లేదని చెప్పాడు. పది నిమిషాల ఫోను అరగంటయ్యేది. సోమ, మంగళవారాలు ఆయనకి చెప్పడానికి కబుర్లు దాచుకునేదాన్ని. శుక్రవారం మావారు వచ్చి "ఏంటమ్మాయ్, ఈవారం ఎన్ని పాముల్ని ఆడించావు?" అని వేళాకోళం చేస్తే ఆ కబుర్లు మావారికి చెప్పబుద్ధయ్యేది కాదు. నవ్వి ఊరుకునేదాన్ని.

జూన్‌లో చెవిపోటొచ్చి సర్జరీకి, అదే, ఇక్కడి డాక్టరు క్లినిక్‌కి వెళ్లాను. డాక్టరు పిలిచేదాకా తోచక, బల్ల మీదున్న పాత పత్రిక ఒకటి తీశాను. తోటల్లో తిరిగే జీవాల గురించి ఏదో వ్యాసం. పేజీ నిండా ఒక ఫోటో. రాగి రంగు, నూనె రాసినట్టు మెరుపు, చుట్ట చుట్టుకుని ఉంది. నా పాము పిల్ల! దాని కింద పెద్దక్షరాలతో స్లో వర్మ్ అని రాసుంది. ఇది పాము కాదు, పురుగూ కాదు, కాళ్లు లేని బల్లి, పాముకి రెప్పలుండవు గానీ ఇది కళ్లు మూసి తెరుస్తుంది, అని వివరం.

నా పేరు రెండుసార్లు పిలిచారట. నాకు వినపడలేదు. చెవి నొప్పి వల్ల కాదు.

మన భాషలో పురుగుని వానపాము అంటాం. పాముని పురుగు అంటాం. ఈ భాషలో వీళ్లు బల్లిని పురుగు అన్నారు. ఇన్ని అబద్ధపు పేర్ల మధ్య నేను రెండున్నర నెలలపాటు వాన పడ్డప్పుడల్లా వానపాముల్ని లెక్కపెట్టి, పాములూ బల్లుల కేసులో సాక్ష్యంగా ఇచ్చాను. ఛీ, నా చదువు తగలెయ్య!

ఆ బుధవారం వాలు మీద ప్రతి రేకూ చేత్తో ఎత్తాను, వంగి చూశాను. భయం ఎటుపోయిందో. ముప్పై రేకుల కింద అసలైనవి రెండే రెండు కనపడ్డాయి. ఒకటి నా కేసి చూసి నెమ్మదిగా కళ్లు ఆర్పింది. అక్కడే గడ్డిలో కూలబడ్డాను. ఆరింటికి ఫోన్ చేసి జరిగిందంతా చెప్పేద్దామని మాటలు కూడబలుక్కున్నాను.

ఫోన్ ఎత్తుతూనే ఆయన మొదలుపెట్టాడు. మన లెక్కలన్నీ సాపు కాపీ రాశాడట. వచ్చేవారం కౌన్సిల్ వాళ్ల ముందు తనే చదువుతాడట. ఇంత మంచి లెక్క చుట్టుపక్కల ఎక్కడా రాలేదట. "నువ్వు లేకపోతే ఇది జరిగేది కాదు" అన్నాడు. "ఇవాళ ఎన్ని?"

రెండు అనాలి. ఆ తర్వాత మిగతాది చెప్పాలి.

"ఇరవై ఆరు" అన్నాను.

అంతకు ముందువన్నీ తెలివితక్కువతనం. ఇది మాత్రం అచ్చమైన అబద్ధం. ఎందుకాడానంటే ఆ గొంతు మారిపోతుందని భయమేసింది. అంతకు మించి కారణం లేదు. ఫోన్ పెట్టేశాక అన్నం సయించలేదు. గురువారమూ సయించలేదు. శుక్రవారం మావారు వస్తే విషయం చెప్పి ఏడ్చాను. ఆయన కంగారుపడి, "ఓస్, నాలుగు పురుగుల కోసం ఇంత రాద్ధాంతమా? ఊరుకో, ఎవడికి తెలుస్తుంది?" అన్నారు.

నాకు తిక్క రేగింది. "నాలుగు పురుగులు కాదండీ! వారం మొత్తంలో నాతో నోరారా మాట్లాడే మనిషి ఆయనొక్కడే! మీకు తెలుసా అసలు?" అని అరిచాను.

మావారు షూస్ విప్పుకుంటున్నవారల్లా అలాగే ఉండిపోయారు. తెలీదని ఆ మొహం చూస్తే తెలిసింది. ఆ రాత్రి అంట్లు ఆయనే తోమారు.

కౌన్సిల్ మీటింగు గురువారం. ముందురోజు బుధవారం నేను ఫోన్ చెయ్యలేదు. బస్సెక్కి పెద్దాయన ఇంటికే వెళ్లాను. చేతికర్ర పోటేసుకుంటూ వచ్చి తలుపు తీశాడు. నన్ను చూసి ఎంతో సంతోషపడి, కూర్చోమని, వద్దన్నా వినకుండా టీ పెట్టాడు. భోజనాల బల్ల మీద మా కాగితాలన్నీ తేదీల వరసలో పేర్చి ఉన్నాయి. టీ ముట్టుకోకుండా చెప్పేశాను. వర్మ్ అంటే నేనేమనుకున్నానో, ఏవి లెక్కపెట్టానో, అంతా చెప్పాను. ఆయన అడ్డం రాలేదు.

"వాన" అన్నాడు చివరికి. "వానకే ఎక్కువ అన్నావు. అప్పుడే నాకు తెలిసుండాల్సింది. వినాలనుకున్నదే విన్నాను." తర్వాత అడిగాడు. "నీకెప్పుడు తెలిసింది?"

"పది రోజులైంది."

"మరి పోయిన బుధవారం చెప్పిన ఇరవై ఆరు?"

"అది అబద్ధమండీ. రెండే ఉన్నాయి."

ఆయన తల వంచుకుని సొరుగులోంచి స్కేలు తీశాడు. ఒక్కో కాగితం మీదా ఈ మూల నుంచి ఆ మూలకి స్కేలు పెట్టి గీత కొట్టాడు. పదకొండు కాగితాలు. గీత పక్కన పొడి అక్షరాలతో సంతకం. అన్నీ అయ్యాక, "చెప్పినందుకు థాంక్యూ" అన్నాడు. ఈ దేశంలో ఉన్న కొద్దికాలంలోనే నాకు తెలిసొచ్చింది, ఆ మాట అలా మర్యాదగా అన్నారంటే ఇక లేచి వెళ్లమని. లేచాను. గుమ్మం దాకా వచ్చి తలుపు వేశాడు.

తర్వాత రెండు బుధవారాలు ఫోన్ చేశాను. "బాగున్నాను, థాంక్యూ" అన్నాడు రెండుసార్లూ. ఏం వండుకున్నావని అడగలేదు. మూడో వారం చెయ్యలేదు. నా బుధవారాలు కూడా తక్కిన రోజుల్లో కలిసిపోయాయి. మావారు మాత్రం రోజూ రాత్రి ఫోన్ చేసి, "ఇంకేంటి?" అని అడిగి, నేను ఇంకేం లేదంటే మళ్లీ "ఇంకేంటి?" అనేవారు. ప్రయత్నిస్తున్నారని తెలిసేది. అయినా మా ఇద్దరి దగ్గరా మాటలు ఉండేవి కావు.

లెక్కలు వెనక్కి తీసుకున్నారు గనక కౌన్సిల్ వాళ్ల మాట మీద జీతమిచ్చి వేరే మనిషిని పెట్టారు. అతను ఆగస్టు ఎండల్లో నాలుగుసార్లు వచ్చి చూశాడు. ఆ ఎండకి రేకు పెనంలా కాలుతుంటే దాని కింద ఏ జీవం ఉంటుంది? నాలుగుసార్లకీ కలిపి మూడు కనపడ్డాయి. అతను ఉన్నది ఉన్నట్టు రాశాడు. వాలు మొత్తం ఇళ్లకి ఇచ్చేశారు. ఒక్క షరతు పెట్టారు. తవ్వడానికి ముందు అక్కడున్న జీవాల్ని పట్టి, పదిమైళ్ల అవతల వేరే చోట వదలాలి.

మరుసటి వసంతంలో పట్టేవాళ్లు కావాలన్నారు. పేరిచ్చాను. మూడు నెలలపాటు వారానికి నాలుగు రోజులు ఆ వాలు మీద గడిపాను. తడి నాచు పరిచిన బకెట్టు పక్కన పెట్టుకుని, రేకు ఎత్తి, రెండు చేతులూ దోసిలిపట్టి తీసేదాన్ని. తోక పట్టుకోకూడదు, పట్టుకుంటే తెంపేసుకుని పోతుంది. మొదట్లో రెండు తోకలు నా చేతిలో మిగిలాయి. తర్వాత చెయ్యి నేర్చుకుంది. పాలిష్ చేసిన రాగిలా చల్లగా ఉంటాయి. వాలు పైభాగం ఖాళీ అయ్యేకొద్దీ అడుగున ఇంకా వచ్చేవి. రేకుల కిందే కాదు, ఫెర్ను వేళ్ల కింద, చీమల పుట్టల్లో, ఎవరూ ఎత్తి చూడని చోటల్లా. రోజూ చీటీ రాసేది నేనే. ఈసారి ఒక్కొక్కదాని మొహం చూసి రాశాను.

ఆఖరి రోజు సాయంత్రం, బకెట్లు వ్యాన్లో ఎక్కించాక, చీటీల్లో అంకెలన్నీ కూడి చూశాను. నమ్మలేక మళ్లీ కూడాను. అక్కడే నిలబడి, దాదాపు ఏడాది తర్వాత, పెద్దాయనకి ఫోన్ చేశాను.

"రెండొందల పదకొండు" అన్నాను, ఎవరో కూడా చెప్పకుండా.

"ఏవి?" అన్నాడు. గుర్తుపట్టాడు.

"స్లో వర్మ్స్. అసలువే. ఒక్కొక్కదాన్నీ చేత్తో పట్టుకున్నాను. కళ్లు ఆర్పాయి."

"అంటే నువ్వు చెప్పిన అబద్ధం కూడా చాలా తక్కువన్నమాట."

"అవునండీ."

"ఆరోజు నువ్వు మా ఇంటికి రాకుండా ఉంటే ఆ వాలు అలాగే ఉండేది."

ఆ గొంతులో కోపం లేదు. లెక్క సరిచూసుకుంటున్నట్టు మెల్లిగా అన్నాడు, అంతే. కోపం ఉంటే బాగుండేది. నోటికి కొంగు అడ్డం పెట్టుకుందామంటే ఒంటి మీదున్నది మట్టి కొట్టుకున్న కోటు. చప్పుడు కాకుండా ఏడవడం నాకు చేతకాదు. మొత్తం విన్నాడు.

"నేనైతే వచ్చి చెప్పేవాణ్ణి కాను" అన్నాడు కాసేపటికి. "అప్పట్లో నీకు మొహం చాటేసింది అందుకే. నీ తప్పుకి కాదు."

కింద వ్యాను స్టార్ట్ చేసి హారన్ కొడుతున్నారు, నన్ను రమ్మని. వాటిని తీసుకెళ్లి చీకటి పడకముందే వదలాలి.

"ఉన్నావా?" అన్నాడు.

"ఉన్నానండీ" అన్నాను. ఇద్దరం ఏమీ మాట్లాడలేదు. ఫోనూ పెట్టెయ్యలేదు.